పది సెకన్ల సురేందర్ సారు

నిజామాబాద్‌లో ఓ డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్పే సురేందర్ సారు పిల్లల మాటల ఇబ్బందుల మీద ఏడేళ్లుగా పరిశోధన చేస్తున్నాడు. మాక్లూర్ రైతు కొడుకు, పద్ధతి గల మనిషి. పిల్ల ముందు చెక్క బొమ్మ పెడతాడు, "ఇది ఏమిటి?" అని పుస్తకాల తెలుగులో అడుగుతాడు, స్టాప్‌వాచ్ నొక్కుతాడు. పది సెకన్లలో జవాబు రాకపోతే కాగితం మీద సున్నా. రుద్రూర్ చుట్టూ ఉన్న చెరుకు ఊళ్లలో అరవై రెండు మందిని ఇలా పరీక్షిస్తే నలభై మందికి మాటలు సరిగా రావని తేలింది. సారు బాధపడ్డాడు. థీసిస్ బరువెక్కిందని కొంచెం సంతోషపడ్డాడు కూడా. అది అప్పజెప్పడానికి ఇంక నెల రోజులే ఉంది.

మొదటి సంవత్సరం పిల్లల వైవాలోనూ ఆయనది అదే గడియారం. మెండోర నుంచి వచ్చిన అంకిత రాతపరీక్షలో క్లాసుకంతా మొదటిది, ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే మాత్రం బెల్లం కొట్టిన రాయి. రెండు వైవాల్లో రెండు సున్నాలు పడ్డాయి. మూడోది కూడా పోతే సబ్జెక్టు పోతుంది, దాంతోపాటు హాస్టల్ సీటూ పోతుంది.

సారు జాలిపడి మూడో వైవా కోసం ఆమెకో పని అప్పగించాడు. రుద్రూర్ పక్క ఊళ్లో సత్తవ్వ అనే ఆవిడ మనవరాలు, ఆరేళ్ల హర్షిణి, పన్నెండు బొమ్మలకు పన్నెండు సున్నాలు తెచ్చుకుంది. థీసిస్‌లో ఆ పిల్లకంటూ ఓ పేజీ ఉంది. ఆమెను మళ్లీ పరీక్షించి రావాలి. "ఫారం తప్పొద్దు, వాచీ మరువొద్దు" అని చెప్పి, తనను చూస్తే పిల్ల బెదురుతుందని సారు రుద్రూర్ బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో కూర్చున్నాడు.

గంటన్నర తర్వాత అంకిత ఖాళీ ఫారం తెచ్చిచ్చింది. సారు మొహం మాడిపోయింది. ఆమె ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చింది వినిపించింది. ముందు ఆమె గొంతే, చెరుకు గడ నములుతూ, మేక బొమ్మ చూపిస్తూ: "గిది బర్రె గదా?"

"అయ్యో, గది మేక! గింత పెద్దగైనవ్, గింత గుడ తెల్వదా అక్కా?"

ఇక పిల్ల ఆగలేదు. తమ ఇంటి మేక రెండు పిల్లల్ని ఈనడం, అందులో ఒకటి బాపు చెప్పు నమిలేయడం, చెరుకు ట్రాక్టర్ వెనకాల ఉరికి గడ లాగే ఉపాయం, అన్నీ చెప్పింది. మధ్యలో సత్తవ్వ గొంతు వినిపించింది. "ఇగ సాలు పిల్లా! నిరుడు సర్వేకొచ్చినొకాయన కాగితం మీద రాసుకుంట అడిగితే గీ పిల్ల ఇంట్ల సంగతులన్ని చెప్పింది బిడ్డా. నెల తిరగకముందే రేషన్ కార్డుల నా పేరు పోయింది. కాగితం కనవడితే నోరు మూసుకోవాలని గప్పటిసంది సుట్టుపక్క ఊళ్లల్ల పిల్లలందరికి చెప్పుకున్నం."

అంటే ఎంత బుద్ధిగా మాట వినే పిల్లయితే అన్ని సున్నాలన్నమాట. సారు ముందున్న చాయ్ చల్లారిపోయింది.

వారం తర్వాత మూడో వైవా. సారు ఫారం ముందు పెట్టుకుని వాచీ నొక్కాడు. "చెప్పిన పద్ధతి ఎందుకు తప్పినవమ్మా?"

అంకిత తల వంచుకుంది. ఇక్కడ ఒక్క సున్నా వేస్తే చాలు, పద్ధతి తప్పిన రికార్డు చెల్లదని రాసుకోవచ్చు, థీసిస్ బతికిపోతుంది. ఆ ఆశ సారుకు కలిగింది. కలిగినందుకు సిగ్గు కూడా వేసింది. పది సెకన్లు అయిపోయాయి, ఇరవై అయిపోయాయి. పెన్ను కదల్లేదు.

"సార్, గా కాగితం జర పక్కకు పెడ్తరా?" అంది అంకిత చివరికి.

సారు ఫారాన్నీ వాచీనీ సొరుగులో పెట్టి మూశాడు.

"మా అవ్వ గుడ చిన్నప్పుడు సత్తవ్వ లెక్కనే చెప్పింది సార్."

ఆ తర్వాత ఆమె ముప్పావుగంట మాట్లాడింది. సారు ఇరవై అయిదుకు ఇరవై నాలుగు వేశాడు. ఆ ఒక్కటీ సమయం మించినందుకు కోశాడట.

థీసిస్ గడువు ఏడాది పెంచమని అర్జీ పెట్టుకుని, కాగితం ముక్క లేకుండా సారు ఒక్కడే సత్తవ్వ ఇంటికి పోయాడు. గడప ముందు కూర్చుని, మేక బొమ్మ చూపించి, బర్రె కదా అన్నాడు. హర్షిణి ఆయన చేతులకేసి చూసింది, చొక్కా జేబుకేసి చూసింది, పెదవి విప్పలేదు. సారు కూడా జేబుకేసి చూసుకున్నాడు. పెన్ను తీసి, దాచిపెట్టమని సత్తవ్వ చేతికిచ్చాడు.