పసుపు గుడ్డ కట్టిన పుంజు

నా కాన్పు నల్గొండలో పుట్టింట్లో జరిగింది. ఇక్కడ పాలమూరులో మా అత్త, తల్లీపిల్లా క్షేమంగా ఉంటే నల్ల పుంజునిస్తానని ఎల్లమ్మకు మొక్కుకుంది. నేను చంటిపిల్లతో వచ్చేసరికి దొడ్లో రెండు నల్ల పుంజులున్నాయి. మొక్కినదాని కాలికి గుర్తుగా పసుపు గుడ్డ కట్టింది.

అత్త ఆలంపూర్ పెళ్లికి పోయిననాడు మా అన్న వచ్చాడు. గుడ్డ లేని పుంజును పట్టిచ్చాను. కోశాడు, వండాను, సుబ్బరంగా తిన్నాం. తీరా అంట్లు తోమబోతే కుడితి గోలెం పక్కన పసుపు గుడ్డ పడి ఉంది. ఉరికి చూస్తే మిగిలిన పుంజు కాలూ బోసిగానే ఉంది. మేం కోసింది మొక్కిన పుంజునేనేమో! గుడ్డ దీనికి కట్టేసి, రెండోదాన్ని పిల్లి ఎత్తుకుపోయిందని అత్తకు చెప్పాను.

అత్త రోజూ పొద్దున్నే నా నుదురు పట్టి చూసేది. "జరం గిట్ల ఉన్నదా బిడ్డా?" అనేది. నేను వచ్చిననాటినుంచీ ఉన్న అలవాటే, కానీ ఇప్పుడు దొంగను పట్టే చూపులా అనిపించి చెయ్యి తోసేసేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఇద్దరం చిక్కుడుకాయలు తుంచుతుంటే రేడియోలో పాత నాటకం వచ్చింది. భాగస్తుణ్ని చంపినవాడికి ఎటుపోయినా చచ్చినవాడి దగ్గే వినబడుతోంది. ఆ దగ్గేవాడికి పనీపాటా లేదు, దగ్గి దగ్గి నా ప్రాణం తీశాడు. అంతలో దొడ్లో పుంజు కూసింది. నేను నోరు తెరిచేలోపే అత్త చేట పక్కన పెట్టి ఏడుపందుకుంది.

"నువ్వు రాకముందు మా తమ్ముడొస్తే మొక్కిన పుంజునే కోసిన బిడ్డా. ఇంట్ల అదొక్కటే ఉండె. ఆ ఎన్క అంగట్ల రెండు తెచ్చి, ఒకదానికి గుడ్డ కట్టిన. నీకు, పిల్లకు ఏమైతదోనని గప్పటిసంది రోజు నుదురు పట్టి చూస్తున్న."

అంటే నేను తిన్నది ఉత్త అంగడి కోడి. దానికోసం నెల రోజులు ఉత్తపుణ్యానికి కుమిలిపోయాను. ఒళ్లు మండిపోయింది. నోరు మూసుకుంటే తప్పంతా ఆమెదే. కానీ ఆమె ఏడుస్తూనే నా నుదుటికేసి చూస్తోంది. నా వల్ల కాలేదు, అంతా చెప్పేశాను.

అత్త ఏడుపు ఆపింది. "పిల్లి అంటివి గదనే."

"నేనే ఆ పిల్లిని అత్తమ్మా."

అత్త రేడియో నెత్తిన ఒకటి చరిచి కట్టేసింది.

మర్నాడు పొద్దున్నే మళ్లీ నా నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"ఇంకేం భయం అత్తమ్మా? ఇద్దరం ఒప్పుకుంటిమి గద."

"మొక్కినదాన్ని తిన్నది నేను. మరి నన్నెవలు చూస్తరే?"

ఆమె నుదుటి మీద నేనూ చెయ్యి పెట్టాను. చల్లగానే ఉంది.