చిన్నమ్మ దండెం

నా చిన్నప్పుడు మా ఇంట్లో బట్టలారేసే దండెం గురించి రోజూ గొడవే. దండెం గురించి గొడవేమిటని నవ్వుతారేమో, నవ్వండి. ఆ దండెమే లేకపోతే నేను కామారెడ్డి బస్సు ఎక్కేదాన్నీ కాదు, ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేదాన్నీ కాదు.

మాది ఎల్లారెడ్డికి దగ్గర పల్లె, పెద్ద ఉమ్మడి కుటుంబం. ఇంటికి పెద్ద మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న. ఆయన ఒక మాటంటే దాని మీద ఇంకో మాట లేదు. ఇంటికి చిన్న కోడలు మా చిన్నమ్మ, అంటే మా బాపు తమ్ముడి భార్య. బోధన్‌లో ఇంటర్ చదువుతుండగానే, లెక్కల పుస్తకం ఇంకా సగంలో ఉండగానే, పెళ్ళి చేసి మా ఇంటికి పంపారు. ఆమె చదువుకున్నదన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. జొన్నరొట్టె పలుచగా చేస్తుందన్నది మాత్రం అందరికీ గుర్తే.

చిన్నమ్మ కట్టిన దండెం మధ్యలో బాగా కిందికి వేలాడేది. అది చూస్తే మా నాయనమ్మకు ఒళ్ళు మండేది. "ఏందే గిది, దండెమా ఉయ్యాలనా?" అని తిట్టి, తాడును తనే గుంజి గుంజి బిగించేది. బిగించినాక తడిసిన బొంత వేస్తే చాలు, పుటుక్కున తెగేది. బొంత మట్టిపాలు, తిట్లు మళ్ళీ చిన్నమ్మకే. ఆమె ఆ బొంతను మళ్ళీ ఉతికేది. నాయనమ్మ అటు తిరగగానే మళ్ళీ వదులుగా కట్టేది. అంత మెత్తని మనిషిలో అంత మొండితనం ఎక్కడిదా అనుకునేదాన్ని.

పదో తరగతిలో నాకు ఒకే ఒక్క పాఠం మింగుడు పడలేదు, ఫలిత బలం. రెండు బలాలు కలిస్తే రెండింతలు కావాలి గదా, ఒక్కోసారి ఒకదానికన్నా తక్కువ ఎలా అవుతుంది? సారును అడిగితే బోర్డు మీద సమాంతర చతుర్భుజం గీసి, దానికి కర్ణం గీసి, ఇదే ఫలితం, రాసుకోండి అన్నాడు. రాసుకున్నాను, అర్థం మాత్రం కాలేదు. ఇంటికొచ్చి విసుక్కుంటుంటే చిన్నమ్మ నన్ను దండెం దగ్గరికి తీసుకెళ్ళింది.

తాడు వదులుగా ఉంటే రెండు కొసలూ పైకి చూస్తాయని, రెండూ కలిసి బొంతను పైకి లాగుతాయని చూపించింది. బిగిస్తే రెండు కొసలూ అడ్డంగా పడుకుంటాయి. ఒకటి ఇటు, ఒకటి అటు గుంజుకుని వాటి బలమంతా ఒకదానితో ఒకటి కొట్లాటకే పోతుంది, పైకి మిగిలేది పిసరంత. "గా పిసరంతతోని బొంతను మొయ్యాలంటె తాడు ఎంత గుంజుకోవాలె బిడ్డా? అందుకే తెగుతది" అంది. నాకు ఒక్కసారిగా కళ్ళు తెరుచుకున్నాయి. మరి నాయనమ్మకు ఎందుకు చెప్పవని అడిగాను. నువ్వు విన్నవ్ గదా, సాలు, అని నవ్వింది.

ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. కామారెడ్డిలో ఎంపీసీ చదువుతానన్నాను. ఆడపిల్ల పదోది చదివింది చాలు, లెక్కలు మగపిల్లల చదువు అన్నాడు పెద్దబాపు. మా బాపును అడిగితే, అన్న ఎట్లంటే గట్ల అన్నాడు. ఏడ్చాను, అన్నం మానేశాను. ఎదురెదురుగా ఎంత గుంజినా వాళ్ళు ఇసుమంత కదల్లేదు. కాలేజీలో చేరడానికి ఇక ఆ వారమే గడువు.

అప్పుడే తొలకరి పడింది. పొలాలకు పెంట తోలుతున్నారు. ఆ రోజు చిన్నమ్మా నేనూ సద్ది తీసుకుని పొలానికి పోయేసరికి, పెంట బండి దారి మధ్యలో ఇరుసు దాకా బురదలో దిగబడి ఉంది. ఒక ఎద్దు మోకాళ్ళ మీద పడితే రెండింటినీ విప్పేశారు. సగం పెంట కిందికి తోడినా బండి కదల్లేదు. దారికి రెండు పక్కలా పొలం ఒడ్లు. మధ్యలో దిగితే మోకాలి లోతు బురద కదా, అందుకని మగవాళ్ళు బండికి రెండు తాళ్ళు కట్టి, సగంమంది ఈ ఒడ్డు మీద, సగంమంది ఆ ఒడ్డు మీద నిలబడి గుంజుతున్నారు. ఇటువాళ్ళు ఇటు, అటువాళ్ళు అటు. ముఖాలు ఎర్రబడుతున్నాయి, బండి మాత్రం ఉన్నచోటే ఉంది. అది చూసి, మన నాయనమ్మ దండెమే కదా ఇది అని చిన్నమ్మ చెవిలో అన్నాను. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పెద్దబాపు కంట మా నవ్వు పడింది. "ఏందే, నవ్వుతున్నవ్? లెక్కలు సదువుత అన్నవ్ గద. గీ బండిని బయటికి తియ్ సూద్దాం. తీస్తె రేపే కామారెడ్డి బస్సెక్కిస్త" అన్నాడు. ఒడ్ల మీద వాళ్ళంతా పగలబడి నవ్వారు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

మా ఇండ్లలో కోడలు తన భర్త అన్నతో, అంటే బావతో, నేరుగా మాట్లాడదు. కొంగు సవరించుకుని, పక్కనున్న పిల్లలకు చెబుతున్నట్టు, ఆయనకు వినబడేలా చెప్పాలి. చిన్నమ్మ అలాగే నావైపు తిరిగింది. "బిడ్డా, మీ పెద్దబాపుకు చెప్పు. తాళ్ళు రెండూ ఇప్పమను. లావు మోకు ఒక్కటి బండి నుంచి ఎదురుంగ యాపచెట్టుకు కట్టమను. ఎంత బిగిస్తె అంత మంచిది."

నేను చెప్పాను. ఆయన ఏ కళనున్నాడో, తమాషా చూద్దామనుకున్నాడో, కట్టమన్నాడు. మోకు దారి పొడవునా బిగుసుకుని నిలిచింది. చిన్నమ్మ నన్ను పక్క ఒడ్డు మీద, మోకుకు సరిగ్గా మధ్యలో నిలబెట్టింది. "బండి దిక్కు గుంజకు. మోకును అడ్డంగ నీ దిక్కు గుంజు" అంది.

రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు ఒడ్డుకు తన్నిపెట్టి వెనక్కి వాలాను. మోకు నావైపు కొంచెం వంగింది. చప్‌మని బురద చప్పుడైంది. ఆ మొద్దు బండి, అంతమంది గుంజినా కదలని బండి, జానెడు ముందుకు జరిగింది! నవ్వులు ఆగిపోయాయి. నాయనమ్మ దండెం మీద బొంత చేసిన పనే నేను చేశాను, బిగిసిన తాడును మధ్యలో అడ్డంగా కొంచెం వంచితే చాలు, కొసలు ఎన్నో రెట్లు గుంజుతాయి; అక్కడ తాడు తెగింది, ఇక్కడ బండి కదిలింది. చక్రం వెనక రాయి పెట్టమని, మోకు మళ్ళీ బిగించి కట్టమని చిన్నమ్మ నాతో చెప్పింది, నేను వాళ్ళతో చెప్పాను. మళ్ళీ గుంజాను, మళ్ళీ జానెడు. అలా జరుపుకుంటూ జరుపుకుంటూ బండిని గట్టి నేల మీదికి తెచ్చేసరికి నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఊరు ఊరంతా నన్నే చూస్తున్నట్టనిపించింది. అంత గర్వం నాకు తర్వాత ఎమ్మెస్సీ పాసైనప్పుడు కూడా కలగలేదు.

పెద్దబాపు తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. "సరే, బండి వచ్చింది. నవ్వులాటకన్న మాట పట్టుకుని ఆడపిల్లను ఊరు దాటిస్తమా ఏంది?" అని నడవబోయాడు.

చిన్నమ్మ నావైపు తిరగలేదు. కొంగు సవరించుకోలేదు. పెళ్ళై వచ్చిన నాటి నుంచి మొదటిసారి ఆయన ముఖంలోకి చూసి మాట్లాడింది. "బావా, మీరు అందరి ముందట అన్నరు. పిల్ల అందరి ముందట తీసింది. రేపు బస్సెక్కుతది."

గొంతు పెద్దది చేయలేదు. అయినా అందరికీ వినబడింది. అప్పటిదాకా తల వంచుకునున్న మా బాపు, నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని బొబ్బలు చూశాడు. "అన్నా, రేపు నేనే తోల్కపోత" అన్నాడు. బాపు తన అన్న ముందు సొంతంగా ఒక మాట అనడం నేను చూసింది అదే మొదటిసారి. మర్నాడు పొద్దున బాపూ నేనూ కామారెడ్డి బస్సులో కూర్చున్నాం. నా చేతులకు పసుపు పూసి గుడ్డ కట్టింది చిన్నమ్మే.

ఆ మాటకు ఆమె చాలా రోజులు మూల్యం చెల్లించింది. పెద్దబాపు ఆమె వడ్డిస్తే తినలేదు, నాయనమ్మ నోటికి పని పెరిగింది. ఆమె మాత్రం దండెం వదులుగానే కట్టింది.

కాలేజీలో ఫలిత బలం పాఠం వచ్చినప్పుడల్లా నేను ముందు దండెం గీసేదాన్ని, తర్వాతే చతుర్భుజం. ఆడపిల్లలకు లెక్కలు రావని నా ముందు అన్నవాళ్ళతో ఎన్నడూ వాదించలేదు, వాళ్ళ చేతికి మోకు కొస ఇచ్చి, రెండో కొస గట్టిగా కట్టి, మధ్యలో అడ్డంగా గుంజి చూపించాను. కానీ ఒక్కటి మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. నన్ను బస్సెక్కించడానికి చిన్నమ్మ ఉంది. ఆమె పుస్తకం సగంలో మూసిన నాడు బోధన్‌లో ఆమె పక్కన ఎవరూ లేరు. ఉండాల్సింది.

మా డాబా మీద దండెం వదులుగా వేలాడుతుంటుంది. వచ్చినవాళ్ళు చూసి, బిగించి కట్టమంటారా మేడమ్ అని అడుగుతారు. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వను.