మసి అంటని డబ్బా

సారు పోయారని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. నాలుగు రోజుల కింద, పొద్దున రొట్టె తింటున్నాను. "మేస్త్రిగారూ, మీ సారు నిన్న వెళ్ళిపోయారండీ. గుండె. మొన్న కూడా మీ ఊరి సంగతే తలుచుకున్నారు," అంది. "అట్లనా అమ్మా," అన్నాను. అంతే.

గడప మీద కూర్చున్న నా భార్య ఎవరని అడిగింది. చెప్పాను. కాసేపు ఎగపోసుకొని, ఊపిరి అందాక "ఇంక ఎవరికి చెప్తవ్?" అంది.

అందుకే ఇది రాస్తున్నాను. ఊరి బడిలో ఐదో తరగతి చదివినవాణ్ణి. తప్పులుంటే మన్నించండి.

సారు పట్నంలో కాలేజీలో పాఠాలు చెప్పేవారు. ఇంట్లో గాలి ఎట్లా ఆడుతుంది, ఎండకు ఇల్లు ఎంత కాగుతుంది, పొయ్యి పొగ ఎవరి రొమ్ములోకి పోతుంది, ఇదీ ఆయన పరిశోధన. మా ఊరు రాజోలి పక్కన, తుంగభద్ర ఒడ్డున. ఏటి నీళ్లకు భయపడి ఊరిని మెరకకు జరపాలని, కొత్త కాలనీ కట్టాలని అనుకుంటున్న ఏడాది ఆయన వచ్చారు. ఇండ్లు కట్టే మనిషి కావాలని ఆయన అడిగితే ఊరివాళ్లు నన్ను చూపించారు.

మొదటి రోజే మా ఇంట్లోకి వచ్చి, చాప కూడా వద్దని పొయ్యి పక్కన నేల మీద వెల్లకిలా పడుకున్నారు. పైన గవాచిని చూస్తున్నారు. మట్టి మిద్దెకు పొయ్యి మీదుగా వదిలే బొక్కను మేం గవాచి అంటాం. వానొస్తే దాని మీద బండ కప్పుతాం.

"దీన్ని ఎవరు పెట్టారు మేస్త్రీ?"

"మా తాత, సారు."

"ఏం చదివాడాయన?"

"ఏం సదవలే. గొర్లు కాసిండు."

సారు పడుకునే నవ్వారు. "గాలికి రావడానికో దారి, పోవడానికో దారి. నేను చదివిందంతా ఇంతే మేస్త్రీ," అన్నారు. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు అన్నారో.

ఆయన జేబులో ఎప్పుడూ ఊదుబత్తీలుండేవి. ఏ ఇంట్లోకి పోయినా ఒకటి వెలిగించి, పొగ ఎటు పోతుందో చూస్తూ నిలబడేవారు. పక్కింటి అవ్వ ఊరుకుంటుందా? "ఏంది సారూ, మా పొయ్యికి మొక్కుతున్నవ్? పిల్లలు లేరా ఏంది?"

"ఉన్నారవ్వా. గాలికి మొక్కుతున్నా."

"గాలి ఏమిస్తది? ఉంటే సల్లగ ఉంటం, లేకుంటే సస్తం."

సారు గబగబా ఆ మాట పుస్తకంలో రాసుకున్నారు. మిగిలినవాళ్లు మాత్రం ఆయన ఏమడిగినా "మంచిగనే ఉంది సారూ" అనేవారు. రోహిణి ఎండలో చెమటలు కారుతున్నా మంచిగనే ఉంది. పరాయి మనిషి ముందు ఇంటి కష్టం ఎట్లా చెప్పుకుంటాం?

వానకాలం మొదట్లో ఆయన పది తెల్ల డబ్బాలు తెచ్చారు. గాలిలో పొగ ఎంతుందో లెక్కపెట్టే మిషన్లవి. ఐదు మట్టి మిద్దెల్లో, ఐదు స్లాబు ఇండ్లలో పొయ్యి దగ్గర వేలాడదీయమని నాకు అప్పగించి వెళ్ళారు. గవాచి ఉన్న ఇంటికీ లేని ఇంటికీ తేడా అంకెల్లో చూపిస్తే, కాలనీ ఇండ్లన్నిటికీ వంటగది మీద పొగ పోయే దారి పెట్టించాలని ఆయన ఆశ.

నేను ఇల్లిల్లూ తిరిగి మేకులు కొట్టాను. ప్రతి ఇంట్లోనూ చెప్పాను: "సారు మిషన్. మస్తు పిరమంట, వేలల్ల ఉంటదంట. పైలం, మసి పట్టనియ్యకుండ్రి."

పట్టనియ్యలేదు. పొయ్యి అంటించే ముందు అందరూ డబ్బాకు ప్లాస్టిక్ కవరు తొడిగి, మూతి గట్టిగా కట్టారు. వంటయ్యాక విప్పారు. మా ఇంట్లోనూ అంతే. రెండు నెలలు నా కళ్ల ముందే జరిగింది. మంచి పని చేస్తున్నామనే అనుకున్నాను.

సారు వచ్చి డబ్బాలు దింపారు. కొత్తవాటిలా మెరుస్తున్నాయి. వేలితో రాసి, ఆ వేలు చూసుకొని, "గోడ నిండా మసి ఉంది. దీనికి లేదేంటి?" అన్నారు.

ఆయన మొహం చూస్తే, కవరు కట్టి లెక్కకు రావాల్సిన పొగనే ఆపేశామని అప్పుడు నాకు తెలిసిపోయింది. నోరు మాత్రం, "తుడిచినం సారూ," అంది.

నమ్మారు. నేను చెప్పినందుకు నమ్మారు.

పది డబ్బాల్లోనూ ఒకటే లెక్క వచ్చింది: పొగ లేదు. గద్వాలలో కాలనీ మీటింగుకు నన్నూ వెంట తీసుకుపోయారు. అంకెలు చూసి, "మరి తేడా ఏముంది సార్?" అని అడిగారు ఆఫీసర్లు. సారు కాగితాలు సర్దుకున్నారు. బయటికొచ్చాక, "మిషన్ చెప్పిందే రాయాలి మేస్త్రీ, నేననుకున్నది కాదు," అన్నారు. బస్సులో ఆయన పక్కనే కూర్చున్నాను. రాజోలి వచ్చేదాకా చెప్దామనే చూశాను. దిగిపోయాను.

కాలనీ ఇండ్లకు గవాచి లేదు. అందులో సగం స్లాబులు నేనే వేశాను. మేమూ అక్కడికే మారాం. గ్యాసు చాయకు, రొట్టెలు కట్టెల పొయ్యి మీదే. నా భార్యకు ముందు దగ్గు, తర్వాత ఎగపోత. మా వరుసలో ఇంకా ముగ్గురు ఆడవాళ్లకు అంతే. కర్నూలు దవాఖానలో డాక్టరు, "పొగలో ఉంటుందా?" అని అడిగితే ఆమె ఏమందో తెలుసా? "మంచిగనే ఉంటది సారూ."

స్లాబు పగలగొట్టి దారి చెయ్యాలని ఈ మధ్యే సుత్తి పట్టుకున్నాను. సుత్తి ఎత్తే బలం నా చేతుల్లో ఇప్పుడు లేదు. ఇంకొకరిని పిలవొచ్చు. పిలిచినా, ఆమె రొమ్ములో ఉన్నది బయటికి రాదు.

సారు ఏటా ఫోన్ చేసేవారు. పోయిన నెల కూడా చేశారు. "ఆ లెక్క ఎక్కడ తప్పిందో ఇప్పటికీ తెలియదు మేస్త్రీ. నాకే ఏదో రాలేదు," అన్నారు. "ఆరోగ్యం పైలం సారూ," అని పెట్టేశాను.

చదివేవాళ్లకు చెప్తున్నాను. తప్పు సారుది కాదు. ఆయనకు అన్నీ వచ్చు.

నిన్న ఆయన పేరున వంటగదిలో ఊదుబత్తి వెలిగించి, ఆయన నిలబడినట్లే నిలబడ్డాను. పొగ నిట్టనిలువుగా లేచింది. స్లాబుకు తగిలింది. నాలుగు మూలలకూ పోయి వెతికింది. మెల్లగా వెనక్కి, నా మొహం మీదికి దిగింది. గడప మీద ఆమె దగ్గుతోంది. ఆర్పేశాను. పొగ మాత్రం చాలాసేపు స్లాబు కింద అట్లాగే నిలబడి ఉంది.