కాయితం మీద నొక్కితే ఏటొస్తాది?

ఎచ్చెర్లలో మా యూనివర్సిటీ గేటు ఎదురుగా నెట్ సెంటరు నడిపే త్రినాథ్ మావ, ప్రాణం పోయినా సరే, వెబ్ పేజీని ఉన్నదున్నట్టు ప్రింటు తియ్యడు. ముందు దానికి తలంటు పోయాలి. పైనున్న మెనూ తీసేస్తాడు, పక్కనున్న ప్రకటనలు పీకేస్తాడు, వెనకాల నల్లరంగు కడిగేస్తాడు. ‘ఇంకా చదవండి’ అనే మీటలన్నీ ఒక్కొక్కటే తెరిచి, లోపల దాక్కున్నదాన్ని బయటికి లాగుతాడు.

ఎందుకు మావా అంటే ఒకటే మాట. “కాయితం మీద నొక్కితే ఏటొస్తాది? సిరుగొస్తాది!”

ఓసారి నరసింగరావు గారనే రైతు వరి తెగులు గురించిన పేజీ తెచ్చారు. బొమ్మలో వరి ఆకు రెండు కాయితాల మీదకి తెగి పడింది.

“తల ఓ కాయితంలో, తోక ఇంకో కాయితంలోనా?” అన్నాడు మావ. “ ఫోన్లో పేజీ నీల్లలాంటిది బాబూ. సెంబులో సెంబులాగ, గలాసులో గలాసులాగ ఉంటాది. కాయితం ఇస్తరాకు. పోస్తే కారిపోద్ది, వడ్డించాల.”

“ఒరే త్రినాథూ, నువ్వు వడ్డించేలోగా నా చేను కోతకొచ్చీసేలా ఉన్నాదిరా!”

మొన్న నా వంతు వచ్చింది. శృంగవరపుకోట దాటాక కొండ పక్కనున్న ఓ కాలేజీలో తెలుగు లెక్చరర్ ఇంటర్వ్యూ, మధ్యాహ్నం రెండింటికి. ఎమ్మే అయ్యాక నాకొచ్చిన మొదటి పిలుపు. వెబ్ పేజీగా వచ్చిన ఆ పిలుపుని ప్రింటు తీసి తెమ్మన్నారు. తొమ్మిదింటి బస్సు తప్పితే ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే. నేనేమో, దిగాల్సిన స్టాపు దాటిపోయినా కండక్టరుకి చెప్పలేక, తరవాతి స్టాపులో దిగి వెనక్కి నడిచొచ్చే రకాన్ని.

“మావా, బస్సు...” అని గొణిగాను.

“ఉండమ్మా. ‘దారి కోసం ఇక్కడ నొక్కండి’ అనున్నాది. నొక్కితే ఏటొస్తాది?”

“సిరుగొస్తాది,” అన్నాను ఏడుపు మొహంతో.

అంతలో ఎవరికో ఫోను చేశాడు. “బావా, మీ కాడ రైసుమిల్లు ఇంకా ఉన్నాదేటి? పక్కన పాక హోటలో?”

తొమ్మిదికి ఐదు నిమిషాలుంది. ఇక్కడ నా బతుకు తెల్లారిపోతుంటే ఈయనకి రైసుమిల్లు కబుర్లు! చేతిలో పెట్టిన కాయితాన్ని చూడకుండానే సంచిలో కుక్కి, మనసులో తిట్టుకుంటూ పరిగెత్తి, కదులుతున్న బస్సెక్కాను.

కొండ పక్క స్టాపులో దిగితే సిగ్నల్ లేదు. దారి చూపే పటం తెరుచుకోలేదు. నాలాగే ఇంటర్వ్యూకొచ్చిన ముగ్గురు, కొండకి హారతిస్తున్నట్టు ఫోన్లు పైకెత్తి తిప్పుతున్నారు. సంచిలోంచి కాయితం తీశాను. ‘నొక్కండి’ అన్న చోట పెద్ద పెద్ద అక్షరాలున్నాయి.

“స్టాపు దిగినాక ఎడమ సెయ్యి. రైసుమిల్లు దాటితే పాక హోటలు. దాని ఎదర రోడ్డులో పది నిమిసాల నడక. నువ్వు ఎవుల్నీ అడగక్కర్లేదు.”

“ఏవండీ, మీకు దారి తెలుసా?” ముగ్గురిలో ఒకామె అడిగింది.

కాయితమే చేతికిచ్చేద్దామని చాపబోతే, అడుగున ఇంకో వరస కనిపించింది.

“ఎవులైనా అడిగితే కాయితం సూపించకు. నోటితో సెప్పు.”

మడిచి సంచిలో పెట్టాను. గొంతు సవరించుకున్నాను.

“ఎడమ చేతి వైపండీ. నాతో రండి.”

ఉద్యోగం ఇస్తున్నామన్న కబురూ వెబ్ పేజీగానే వచ్చింది. ప్రింటుకి తీసుకెళ్తే మావ కళ్లజోడు తుడుచుకుని, “ఉండమ్మా, ముందా మెనూ తియ్యాల,” అన్నాడు.

నేను కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్నాను.