రాజన్న కాక నీలి మచ్చ

వెంట్రుక కన్నా సన్నని పోగులతో, క్రిములను చంపే మందు కలిపి, గాయాలకు వేసే పట్టీ మా ల్యాబులో తయారుచేస్తున్నాం. నాన్నతో బొగ్గు బావిలో పనిచేసిన రాజన్న కాకకు ఈ రోజు గోదావరిఖనిలో దాన్ని గర్వంగా చూపించాను.

"గాయం జల్ది మానుతది కాకా, మచ్చ గూడ పడదు."

కాక ముంజేయి చాపాడు. బొగ్గు ధూళి లోపలే ఉండిపోయి మానిన నీలి మచ్చ.

"బావిల పైకప్పు కూలి ఒక్క బండే మీ నాయినకు, నాకు తాకింది బిడ్డా. ఇద్దరికి గిసొంటి మచ్చే. ఆయన మచ్చ ఆయనతోనే పాయె. నీ పట్టీ కొత్త గాయాలకు పెట్టు, దీన్ని ముట్టకు," అని చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

మచ్చ మిగలకపోవడమే మా పట్టీ గొప్ప అని నిన్ననే నా ప్రసంగం స్లైడులో రాసుకున్నాను. ఆ వాక్యం ఇప్పుడెట్లా చదవాలి? పోగొట్టుకోవడం ఇష్టంలేని మచ్చ మీకూ ఉందా?