చెప్పులేసుకుని వాయించండి

కళ్ళజోళ్ళ షాపాయనకు పెళ్ళికి ముందు నుంచీ ఒక చెక్క గిటారు ఉండేది. యాభై దాటాక ఎలక్ట్రిక్ గిటారు మీద మనసు పడింది. వాడినదొకటి అమ్ముతామన్న ఇంటికి వెళితే, భర్త పోయిన ఒకావిడ గిటారునూ యాంప్లిఫయరునూ గుమ్మం బయటే పెట్టి ఉంచింది.

"ఒక్కసారి వాయించి చూస్తానమ్మా."

"మీ ఇంట్లో వాయించుకోండి. చెప్పులేసుకుని వాయించండి," అని తలుపేసుకుంది.

ఇంటికొచ్చి తీగ మీటగానే వేళ్ళు జివ్వుమన్నాయి. ఎలక్ట్రిక్ అంటే ఇంతే కాబోలనుకుని మురిసిపోయాడు. "ముట్టుకుంటే చీమలు పాకినట్టుందండీ," అని భార్య అంటే, "నీకు అన్నిటికీ భయమే," అని కొట్టిపారేశాడు.

ఆ ఆదివారం ఆయన వాయించి, స్విచ్చి ఆపకుండానే గిటారును గోడకానించి లేచాడు. భార్య గది తుడుస్తూ, జారిపడబోతున్న గిటారును తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి ఇక విడివడలేదు. నోరు తెరిచింది గానీ మాట రాలేదు. ఆయన ఒక్క ఉదుటున వెళ్ళి మెయిన్ ఆపేశాడు. ఆవిడ కుప్పకూలింది, ఊపిరి మాత్రం ఆడుతోంది.

ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చాక ఎలక్ట్రీషియను యాంప్లిఫయరు ప్లగ్గు విప్పి చూశాడు. "ఎర్త్ వైరు దానంతటది తెగలేదు సార్. ఎవరో కోసి, కొసకి నీటుగా టేపు చుట్టారు."

"గిటారు అమ్మినావిడ భర్త ఎలా పోయాడో అడిగారా?" అంది భార్య, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

ఆయన అడగలేదు. మర్నాడు అడుగుదామని వాళ్ళింటికి వెళితే, అమ్మినావిడ తలుపు సగమే తెరిచింది. ఆయన నోరు విప్పకముందే, "ఇంట్లో ఎవరికీ ఏం కాలేదు కదా?" అంది.