కుప్పం ఆపరేటర్ వాన పాటలు

మే నెలలో, ఉదయం పదకొండు గంటలకు ట్రక్కు నన్ను రాజస్థాన్ సరిహద్దు పోస్టు దగ్గర దించింది. చుట్టూ ఇసుక. నలభై ఆరు డిగ్రీలు. రైఫిల్ ఇనుము తగిలితే చెయ్యి చురుక్కుమనేది. స్నానం వారానికొకసారి.

బంకర్లో రేడియో సెట్ ముందున్న సిగ్నల్ ఆపరేటర్ నా యాస విని తలెత్తాడు.

"యా ఊరప్పా?"

"పెద్దపంజాణి. పుంగనూరు తట్టు."

"మాది కుప్పం పక్కన. తెలుగు మాట్లాడేదానికి మనిషి దొరికినాడు."

అతను పాటలు కట్టేవాడు. అన్నీ వాన పాటలే. ఎండ ముదిరేకొద్దీ పాట చల్లబడేది. వాళ్లమ్మ గొర్రెలు మేపుతుంది, తండ్రి లేడు. రేడియో పని లేని మధ్యాహ్నాల్లో సెట్ పక్కనే కూర్చుని ఎనిమిది పాటలు టేప్ రికార్డర్లో పాడాడు. చెడిపోతుందేమోనని రెండో క్యాసెట్లోనూ పాడి, రెండూ నాకిచ్చాడు.

నవంబర్లో సెలవు మీద వచ్చి, మొదటి క్యాసెట్‌ను మదనపల్లెలో పాటలు రికార్డు చేసి అమ్మే ఒక గాయకుడికి నా చేత్తోనే ఇచ్చాను.

"ఎండాకాలానికి ఆల్బమ్ తెస్తా. మీవాడి పేరు పెద్దక్షరాల్లో ఏస్తా," అన్నాడు.

మళ్లీ మే వచ్చింది. మా తమ్ముడు ఆ ఆల్బమ్ పార్సిల్ పంపాడు. అట్ట మీద గొడుగు పట్టుకున్న గాయకుడి ఫోటో. రచన, బాణీ, గానం, మూడూ అతనే. ఆపరేటర్ అట్టను తిప్పి తిప్పి చూశాడు.

"నా పేరు యాడా లేదప్పా."

"ఈసారి పోయి వాడి గొంతు పట్టుకుంటా."

"యాల? మాయమ్మ వింటే సాలు."

నాలుగో రోజు ఇసుక తుఫానుకు టెలిఫోన్ వైరు తెగింది. 14.10కి హవల్దార్ అతన్ని బాగుచేయమని పంపాడు. గుర్తులు పెట్టిన బాట ఇసుకలో పూడిపోయింది. 14.35కి పేలుడు వినిపించింది. మేం పాతిన మందుపాతరే.

ఆ రోజు నుంచి నేను శత్రువంటే సరిహద్దు అవతల చూడలేదు. మదనపల్లె వైపే చూశాను.

సెప్టెంబర్లో పోస్టింగ్ ముగించుకుని వచ్చాను. పుంగనూరు బస్టాండు టీ కొట్టులో అవే పాటలు మోగుతున్నాయి. ఆదివారం మదనపల్లెలో గాయకుడికి సన్మానమని గోడల మీద పోస్టర్లు. కుప్పం వెళ్లి ఆపరేటర్ తల్లిని తీసుకొచ్చాను.

"మీవాడి పాటలు వినిపిస్తా రామ్మా," అన్నాను. గాయకుడి సంగతి చెప్పలేదు.

ఆదివారం సాయంత్రం ఐదింటికి గాయకుడి భుజాల మీద శాలువా కప్పుతుండగా స్టేజీ ఎక్కి, టేప్ రికార్డర్లో నా క్యాసెట్ వేసి మైకు ముందు పెట్టాను. ఆపరేటర్ గొంతు హాలంతా నిండింది. రెండో చరణంలో, టేపులోనే, రేడియో సెట్ గరగరమంది. పాట ఆపి, "సబ్ ఠీక్, ఓవర్," అని సెట్‌కు జవాబు చెప్పి మళ్లీ పాట అందుకున్నాడు.

"ఈ గొంతు ఎవుడిదో సెప్పు," అన్నాను గాయకుడితో.

అతను శాలువా తీసి నాకివ్వబోయాడు.

"నాకు కాదు. ఆయమ్మ ముందర మోకాళ్ల మీద కూసో."

దిగి వెళ్లి, ముందు వరుసలో ఉన్న ఆమె ముందు కూర్చున్నాడు. జనం తిడుతున్నారు. నాకింకా చాలలేదు. అప్పుడే టేపు చిక్కుకుని ఆగిపోయింది.

ఆమె వంగి అతని ముఖంలోకి చూసింది. "మిగిలింది నీకు వచ్చు కదప్పా. పాడు."

అతను ఏడుస్తూ పాడాడు.

నేనతన్ని ఈనాటికీ క్షమించలేదు. కానీ కళ్లు మూస్తే ముందుగా కనిపించేది ఆ తల్లి నోరే. ఆ దొంగ పెదాల మీదే ఆమె చూపు నిలిచింది. ఒక్కో మాటా జారిపోకుండా పట్టుకుంటూ, అర మాట వెనకగా, ఆ నోరు చప్పుడు లేకుండా కదులుతోంది.